ఎవరి కోసం వచ్చారు?

ఊపిరిని చూస్తే చాలు, ఇంకేమీ చెయ్యక్కర్లేదు, వచ్చేదాన్ని వస్తోందనీ పోయేదాన్ని పోతోందనీ చూస్తే చాలు అని తనకి తానే నచ్చజెప్పుకుంటూ ఆమె ఇండోర్ స్టేడియం గేటుకి ఎదురుగా, షట్టరు దించేసిన ఆటవస్తువుల దుకాణం మెట్ల మీద కూర్చుంది గానీ, ఊపిరి చేతికి చిక్కితేనా! ముక్కు కొసదాకా వచ్చినట్టే వచ్చి, రోడ్డు దాటి, గేటు ఊచల మధ్యనుంచి దూరి, లోపలి పెద్ద ఆకుపచ్చ తలుపుల మీద వాలి అక్కడే ఉండిపోతోంది. మామూలు రోజుల్లో ఆ తలుపుల వెనక పిల్లలు బ్యాడ్మింటన్ ఆడుకుంటారు. ఇవాళ, యుద్ధం ఆపమంటూ ఊరేగింపు తీసి పోలీసులకి చిక్కిన ఆడవాళ్ళందరినీ తెచ్చి ఆ చెక్కనేల మీద కూర్చోబెట్టారు. వాళ్ళలో చెల్లెలు ఉంది. ఉండే ఉంటుంది. ఉంటే బాగుండును. ఎందుకంటే తోపులాటలో ఒకావిడ తల పగిలిందనీ, తెలివి తప్పితే ఆసుపత్రికి మోసుకెళ్ళారనీ గేటు ముందు నుంచున్న జనం అనుకుంటున్నారు. ఆవిడ ఎవరో మాత్రం ఎవరికీ తెలియదు. లోపలివాళ్ళ ఫోన్లు లాగేసుకున్నారు. చెల్లెలి నంబరు నొక్కితే మోగుతుంది, మోగి మోగి ఆగిపోతుంది, ఏ పోలీసు బల్ల మీదో, ఏ సంచిలోనో. ఊపిరి. ఊపిరి దగ్గరికి రావాలి. సాయంత్రపు ఎండ ఏటవాలుగా పడి గేటు ఊచల నీడలు రోడ్డు మీద దువ్వెన పళ్ళలా సాగాయి.

దువ్వెన పళ్ళు, పళ్ళు, పళ్ళ డాక్టరు. మనసు కోతి అని ఊరికే అన్నారా, ఆకు కదిలితే చాలు ఆ కొమ్మకి దూకేస్తుంది. ఆ పళ్ళ డాక్టరే ఆమెకి ధ్యానం నేర్పినాయన. వారానికోసారి క్లినిక్ మేడ మీద చాపలు పరిచి, లవంగనూనె వాసన వేసే ఆ గదిలో పదిమందినీ కూర్చోబెట్టి, బుద్ధుడు చెప్పిన సంగతుల్ని పిప్పిపన్ను గురించి చెప్పినంత మామూలుగా చెబుతారు. నొప్పి ఒకటి, నొప్పి గురించి మనం అల్లుకునే కథ ఇంకొకటి, మొదటిదానికి నా దగ్గర సూదిమందు ఉంది, రెండోదాన్ని మీరే చూసుకోవాలి అంటారు. నిజమే, మెట్టు అంచు గుచ్చుకుంటున్న చోట తప్ప ఇప్పుడు ఆమెకి నొప్పి అంటూ ఎక్కడా లేదు. ఉన్నదంతా కథే. ఆ కథలో చెల్లెలు స్ట్రెచరు మీద ఉంది, తెల్లదుప్పటి, నెత్తురు, ఎడమచెయ్యి కిందికి వేలాడుతోంది, ఆ చేతికి ఈతకొలను దగ్గర వేసుకునే విజిల్ తాడు చుట్టుకుని ఉంది. విజిల్ ఎక్కణ్ణుంచి వచ్చింది? పిల్లలకి ఈత నేర్పేటప్పుడు వేసుకునే విజిల్‌ని ఊరేగింపుకి ఎందుకు తీసుకెళ్తుంది? పెట్టింది నువ్వే, సీను పండాలని నువ్వే పెట్టావు. ఇన్నేళ్ళు సినిమాలకి గొంతు అరువిస్తే ఇంతే, కడుపులో దిగులుకి కూడా కెమెరా కావాలి.

గొంతు అరువివ్వడమే ఆమె వృత్తి. పరభాషల సినిమాలకీ బొమ్మల సీరియళ్ళకీ డబ్బింగు చెబుతుంది. పిల్లలున్న ప్రతి ఇంట్లోనూ ఇప్పుడు మోగే రాక్షసి రాణి గొంతు ఆమెదే. మూడంతస్తుల కిరీటం పెట్టుకుని, లోకాలన్నిటినీ చెరబట్టాలని చూసి, వారం వారం ఓడిపోయే రాణి. స్టూడియోలో అసలు పేరు ఎవరికీ గుర్తులేదు, వాచ్‌మన్ దగ్గరనుంచి అందరూ రాణిగారనే పిలుస్తారు. ఇవాళ కూడా ఆ రాణి ఒక నగరాన్ని తగలబెట్టమని సేనాపతిని ఆజ్ఞాపిస్తోంది, గాజుగోడ అవతలనుంచి డబ్బింగు డైరెక్టరు, "కోపం తగ్గించండి రాణిగారూ, తీపి పెంచండి, పసిబిడ్డకి పాలు పట్టమన్నట్టు చెప్పాలి," అంటున్నాడు, సరిగ్గా అప్పుడే ఫోను వెలిగింది. ఈతకొలను దగ్గర చెల్లెలితో పనిచేసే ఆవిడ: మీ చెల్లిని కూడా బస్సెక్కించారండీ, స్టేడియంకి తీసుకెళ్తున్నారు. తగలబడాల్సిన నగరాన్ని అలాగే వదిలేసి, గొంతుకి చుట్టుకున్న మఫ్లరు కూడా తియ్యకుండా వచ్చేసింది. తీపి పెంచండి. ఆ కుర్రడైరెక్టరుకి తెలిసిన రహస్యం వార్తలు చదివేవాళ్ళకి తెలియదు గానీ, యుద్ధాలు చేసేవాళ్ళకి తెలుసు. మొన్న టీవీలో ఒక పెద్ద దేశపు అధినేత, నిన్న రాత్రి మా విమానాలు వెళ్ళి పని ముగించుకుని వచ్చాయి, శాంతి కోసం ఇది తప్పలేదు అని చెబుతుంటే ఆమె ఒళ్ళు జలదరించింది, మాటలకి కాదు, ఆ గొంతుకి. ఒక్క టేకులో ఓకే అయిపోయే గొంతు. మా రాణే నయం, లోకం నాకు కావాలని నోరారా అడుగుతుంది. డాక్టరుగారు ఒకసారి మనవరాలితో కూర్చుని ఆ సీరియలు చూసి, మీ రాణికి కావలసింది లోకం కాదమ్మా, ఏదో ఒకటి కావాలనుకుంటూ ఉండటమే కావాలి, అది ఆగితే ఆవిడ ఉండదు అన్నారు. ఆవిడా ఉండదు, సగం దేశాల సరిహద్దులూ ఉండవు, నా ఉద్యోగమూ ఉండదు అనుకుని అప్పుడు నవ్వుకుంది.

రాణి వేషం మొదటే ఎవరిచ్చారు గనక. చేరిన కొత్తలో ఇచ్చింది గుంపు గొంతులు. హీరో, విలను ఆకాశంలో కొట్టుకుంటుంటే కింద వంతెన కూలుతుంది, దాని మీద పోయేవాళ్ళు అయ్యో, అమ్మా, పరుగెత్తండి అని అరవాలి. నలుగురు ఆడవాళ్ళు ఒకే మైకు చుట్టూ తలలు దగ్గరపెట్టి ఊరు ఊరంతా చచ్చిపోతున్నట్టు అరిచేవాళ్ళు. అరిచి, బయటికొచ్చి, టీ తాగేవాళ్ళు. తెర మీద హీరో ఎగిరిపోతాడు, హాల్లో ఈలలు, వంతెన కింద పడినవాళ్ళని ఎవరూ తలుచుకోరు. వార్తల్లోనైతే ఆ గుంపు గొంతులు కూడా ఉండవు. గోడ కూలుతుంది, ఒకామె ఆకాశంకేసి నోరు తెరుస్తుంది, ఆమె ఏమందో వినపడేలోపు మీదనుంచి విలేకరి గొంతు బండిలా నడిచిపోతుంది. ఆ తరవాత ఒక పెళ్ళి, ఏ సినిమాతారదో, ఏ బంగారు జరీ వేసుకుందో, ఆ తరవాత వాతావరణం. దాని గురించే కదా చెల్లెలు ఆ రోజు కంచం ముందు కూర్చుని...

"కొంచెం జరుగుతావా అమ్మా, మోకాళ్ళు నిలబడనివ్వటం లేదు."

పొడుగాటి ముసలాయన, చంకలో గుడ్డసంచి. ఆమె జరిగింది. ఆయన రెండు విడతలుగా కూర్చుని, సంచిని ఒళ్ళో పెట్టుకుని, అందులోంచి శాలువ అంచు బయటికొస్తే లోపలికి నెట్టాడు. రైలు ఇంజను డ్రైవరుగా చేసి మానేశానని అడక్కుండానే చెప్పాడు.

"మీవాళ్ళెవరున్నారు లోపల?"

"చెల్లెలండీ. మీకు?"

"మా ఆవిడ. ప్రపంచశాంతి కోసం వెళ్తున్నానని చెప్పి, తలుపు ధడాలున వేసి పోయింది. ఆ దెబ్బకి గోడ మీది గడియారం కిందపడింది."

నవ్వకూడదనుకుంటూనే ఆమె నవ్వింది. ఆయన కూడా నవ్వబోయి మానుకున్నాడు.

"నేనే కదిలించానులే అమ్మా. డెబ్బై దగ్గరపడుతోంది, నీకెందుకే ఈ రభస అన్నాను. బాంబు వయసు అడిగి పడుతుందా అంది. నేను సిగ్నలు పడితే ఆగే మనిషిని. దానికి సిగ్నళ్ళు కనపడవు." సంచిని తట్టాడు. "బీపీ మాత్ర వేసుకోకుండా పోయింది. అది ఇచ్చి వెళ్ళిపోతాను."

ఇచ్చి వెళ్ళిపోతాడట. ఆయన కళ్ళు ఆకుపచ్చ తలుపుల మీదనుంచి కదలటం లేదు. ఆయనా ఊపిరిని అక్కడే పారేసుకున్నాడన్నమాట. ఈయన సుఖంగా ఉండాలి అనుకుంది ఆమె, అలవాటుగా. వారం వారం చివర్లో డాక్టరుగారు చేయించే అభ్యాసం అది. ముందు మీరు సుఖంగా ఉండాలనుకోండి, తరవాత మీకు ఇష్టమైనవాళ్ళు, తరవాత ముక్కూమొహం తెలియనివాళ్ళు, ఆఖర్న మీకు బొత్తిగా గిట్టనివాళ్ళు. ఆఖరి మెట్టు దగ్గర ఎవరికి ఎవరు గుర్తొస్తారో కళ్ళు తెరిచాక చెప్పుకునేవాళ్ళు. బ్యాంకు ఉద్యోగికి ఒక దేశాధ్యక్షుడు, బట్టలకొట్టాయనకి ఇంకో దేశపు సేనాధిపతి. అందరూ ఘనమైన శత్రువుల్ని తెచ్చుకునేవాళ్ళు. ఆమె ఏమీ చెప్పేది కాదు. ఆమెకి ఆ మెట్టు మీద ఏడాదిగా సొంత చెల్లెలు కూర్చుని ఉంది. విమానాలు పంపిన ఆ అధినేతని క్షమించటం ఏమంత కష్టం, ఆయన వచ్చి మన కంచం ముందు కూర్చోడు, మన గుట్టు ఆయనకి తెలియదు. ఆ గొంతు వెనక కూడా ఒక భయస్థుడు ఉండే ఉంటాడు, పాపం అనేస్తే సరిపోతుంది. ఒకే కంచంలో తిని ఒకే దుప్పట్లో పడుకున్నది అన్న మాట అలా కాదు, అది దిగే చోటు చూసుకుని మరీ దిగుతుంది.

ఏడాది కిందట, ఒక ఆసుపత్రి మీద బాంబు పడిన వారం అది. ఆమె ధ్యానం నుంచి వచ్చి వడ్డిస్తోంది, చెల్లెలు భోజనానికి వచ్చింది, వస్తూనే ఊరేగింపుకి రా అక్కా, ఒక్కసారి వచ్చి నుంచో చాలు అంది. నేను రానే, అరిస్తే శాంతి రాదు అని ఆమె మెత్తగా చెప్పింది. ఆ మెత్తదనమే దానికి కారంలా తగిలినట్టుంది. "మరి కళ్ళు మూసుకుంటే వస్తుందా? నీళ్ళలో మునిగేవాళ్ళని చూస్తూ గట్టున కూర్చోవటం నాకు చేతకాదు." "ఈత రానివాడు దూకితే ఇద్దరూ మునుగుతారు," అని ఆమె అంది, ఈత మాస్టరుతో. "నీళ్ళకోసం కొట్టుకోబోతున్న రెండు సైన్యాల మధ్యకి వెళ్ళి బుద్ధుడు నుంచున్నాడని మీ డాక్టరే చెప్పాడన్నావు కదా. ఆయన మేడమీద చాప వేసుకు కూర్చోలేదుగా. నీది శాంతి కాదక్కా, భయం. భయానికి కాషాయం కట్టావు." చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. అప్పుడు ఆమె నోట్లోంచి వచ్చిన మాట, రాణి గొంతుతో కాదు, దానికన్నా తీయగా, "నీది మాత్రం జాలి అనుకుంటున్నావా? మొగుడి మీద చూపించలేకపోయిన కోపం. వాడు పోయాడు గనక దేశాల మీద చూపిస్తున్నావు." చెల్లెలు కంచంలో చెయ్యి కడుక్కుంది. అంతే. తలుపు కూడా మెల్లిగానే వేసి వెళ్ళింది. ఈ ముసలాయన అదృష్టవంతుడు, ఆయన తలుపు ధడాలుమంది. మెల్లిగా వేసిన తలుపు తెరుచుకోవటానికి చాలాకాలం పడుతుంది.

ఇద్దరి మాటల్లోనూ నిజం ఉంది, అదే పెద్ద తంటా. అబద్ధమైతే ఎప్పుడో మరిచిపోయేవాళ్ళు. చెల్లెల్ని ఇంట్లో పిడుగు అని పిలిచేవాళ్ళు చిన్నప్పుడు. ఒకసారి రెక్క విరిగిన కాకిని ఎక్కణ్ణుంచో ఎత్తుకొచ్చింది, గౌనులో చుట్టుకుని. ఆ కాకి కృతజ్ఞత చూపించే రకం కాదు. ముద్ద పెట్టబోతే పొడిచింది, నీళ్ళు పట్టబోతే పొడిచింది. వదిలెయ్యవే పిడుగూ, నీకేం పట్టింది అంటే, నొప్పిగా ఉంది కాబట్టి పొడుస్తోంది, నామీద కోపంతో కాదు అంది. అప్పటికి అక్షరాలు కూడా పూర్తిగా రావు దానికి. ఆ వయసుకే తెలిసిన సంగతి నేర్చుకోటానికి తను వారం వారం లవంగనూనె గదికి పోవలసి వచ్చింది. తను ఆ రోజు ఏం చేసింది? పక్కన కూర్చుని, పొడిచినప్పుడల్లా చెల్లెలి వేలు పట్టుకుని ఊదింది. కాకిని ముట్టుకోలేదు. భయం, నిజమే. కానీ ఊదింది కూడా తనే. అది కూడా ఏదో ఒక పనే కదా, అది ఎందుకు ఇన్నాళ్ళూ గుర్తురాలేదు? ఏడాదిలో ఎన్నిసార్లు నంబరు తీసి మళ్ళీ పెట్టేసింది. ముందు అదే చెయ్యాలి, చిన్నది కాబట్టి. ముందు నేనే చెయ్యాలి, పెద్దదాన్ని కాబట్టి. అహం అంటే ఏదో కొండంత ఉంటుందనుకుంటాం, పచ్చరంగు బొత్తాం మీద వేలు ఆగిపోయేంత, అంతే ఉంటుంది.

గేటు దగ్గర కలకలం రేగింది. నల్ల కోటు లాయరమ్మ ఒకావిడ లోపల్నుంచి వచ్చి ఊచల దగ్గర నుంచున్నవాళ్ళతో ఏదో చెబుతోంది, అది నోటినుంచి నోటికి రోడ్డు దాటి మెట్లదాకా వచ్చింది. తలకి దెబ్బ తగిలినావిడ పెద్దావిడట. జుట్టంతా తెల్లగా ఉందట.

"అమ్మయ్య," అంది ఆమె.

పైకే అంది. గుండెల మీంచి ఎవరో బండరాయి దించినట్టు, ఇందాకటినుంచీ చిక్కని ఊపిరి ఒక్కసారిగా వచ్చి ఒళ్ళంతా నిండిపోయింది. తెల్లజుట్టు! చెల్లెలి జుట్టు నల్లగా, నీళ్ళలో నాని నాని చీపురులా ఉంటుంది, అది కాదు, అది కాదు. ఆ ఊపిరి బయటికి పోతూ ఉండగా పక్కన సంచి చప్పుడు ఆగిపోయింది. ఆమె అటు తిరిగింది. ముసలాయన శాలువ అంచుని వేళ్ళమధ్య పట్టుకుని, నెట్టకుండా, అలాగే చూస్తున్నాడు. ఆయన నోరు కొంచెం తెరుచుకుని ఉంది. తను వదిలిన ఊపిరి సూటిగా వెళ్ళి ఆయన గుండెల్లో రాయిగా పడింది. ఎంత త్వరగా అనేసింది ఆ మాట. మనది కాకపోతే చాలు అన్న మాట. ప్రపంచమంతా రోజూ టీవీ ముందు అనే మాటే ఇది, తెల్లారి లేచి, గోడ కూలింది మనది కాదు, పిల్లాడు మన పిల్లాడు కాదు, అమ్మయ్య. పైకి అనరు, అంతే తేడా. సిగ్గు వెయ్యాలి, వేసింది కూడా, కానీ ఆ సిగ్గుని కూర్చుని చూసుకునే తీరిక లేదు, ఈయన షట్టరు పట్టుకుని లేవబోతున్నాడు.

"మా ఆవిడదీ తెల్లజుట్టే," అన్నాడాయన, రైలు ఆలస్యమని చెప్పినట్టు.

"లోపల చాలామంది ఉన్నారండీ పెద్దవాళ్ళు. నేను వెళ్ళి కనుక్కుంటాను. మీరిక్కడే ఉండండి, లేవకండి." ఆయన మోచెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని ఆమె లేచింది.

కానీ గేటు దగ్గరికి పోవటమెలాగ? అందరూ అప్పటికే అటే తోసుకుంటున్నారు. లోపల ఇన్‌స్పెక్టరు, పాపం పడిశం పట్టిన మనిషి, చేతిమైకు నోటి దగ్గర పెట్టుకుని మాట్లాడుతున్నాడు, మైకు గురగురమని ఊరుకుంది, దాన్ని కొట్టాడు, తిప్పాడు, చివరికి పక్కనున్న పోలీసావిడ చేతిలో పెట్టేసి తన గొంతుతోనే మొదలుపెట్టాడు. ఒక్కొక్కరినే వదులుతారట, ఎవరికోసం ఎవరు వచ్చారో వాళ్ళు ముందుకొచ్చి తీసుకెళ్ళాలట. మొదటి వరసకే సగం వినపడింది. వెనకవాళ్ళు ఏమంటున్నాడు, ఏమంటున్నాడు అంటూ ఇంకా ముందుకి వచ్చారు. గేటు ఊగింది. పసిబిడ్డని ఎత్తుకున్న ఒకతను ఊచలకి నొక్కుకుపోతూ బిడ్డని తలమీదికి ఎత్తుతున్నాడు. ఆ బిడ్డ కాళ్ళు గాల్లో కొట్టుకోవటం చూసింది, అంతే, ఆలోచన ఏదీ లేదు, కడుపు అడుగునుంచి గొంతు దానంతట అదే లేచింది.

"ఆగండి!"

ఆగారు. వీధి చివర టీ బండివాడు కూడా చెంచా తిప్పటం ఆపాడు.

"ఎవరూ తొయ్యకండి. అందరూ వస్తారు. ఒక్కొక్కరే వస్తారు. రెండడుగులు వెనక్కి వెయ్యండి, పసిబిడ్డ ఉంది."

ఆ గొంతులో కోపం లేదు, తీపి కూడా లేదు; ఆ డైరెక్టరు ఎప్పుడూ అడగని గొంతు అది. జనం రెండడుగులు వెనక్కి వేశారు. ఎవరి భుజం మీదనుంచో ఒక పాప "అమ్మో, రాణి!" అంది, ఉలికిపాటుగా ఒక నవ్వు గుంపులో ఆ చివరినుంచి ఈ చివరికి పోయింది, నవ్వుతో పాటు సగం బిగువు సడలింది. పోలీసావిడ ఊచల మధ్యనుంచి ఆమెకేసి కళ్ళింత చేసుకుని చూసింది.

"మీరా! మావాడు అన్నం తినకపోతే మీ గొంతే పెడతానండీ. రండి, ఇటు రండి, మీరే పిలవండి, సార్‌కి గొంతు పోయింది."

"ముందు ఒక్క మాట చెప్పండి. ఆ దెబ్బ తగిలిన పెద్దావిడ..."

"కుట్లు వేయించి తీసుకొచ్చేశాం మేడం. లోపలే ఉంది. ఒకటే తిట్లు."

ఆమె వెనక్కి తిరిగి రోడ్డు అవతలకి, మెట్లమీది మనిషికి వినపడేట్టు, "బాగానే ఉన్నారటండీ! ఆవిడ ఎవరైనా సరే, బాగానే ఉన్నారు, తిడుతున్నారట!" అని కేక పెట్టింది. "అయితే మా ఆవిడే!" అని అక్కణ్ణుంచి జవాబు వచ్చింది.

ఆకుపచ్చ తలుపులు తెరుచుకున్నాయి. వచ్చేవాళ్ళలో చాలామందికి గొంతు లేదు. నినాదాలకి సగం పోయింది, పోలీసులు వదిలిన పొగకి మిగతాది పోయింది. కళ్ళు ఎర్రగా, చెప్పులు ఒకటుండి ఒకటి లేక, ఒక్కొక్కరే గేటు పక్కన చిన్న తలుపు దగ్గరికి వచ్చి ఆమె చెవిలో పేరు చెబుతున్నారు. ఆమె చెవి అటు వంచి, కళ్ళు జనం మీద పెట్టి, ఆ పేరుని పట్టుకుని పైకి విసురుతోంది. ఫలానావారి కోసం ఎవరొచ్చారండీ? వెనకనుంచి ఒక చెయ్యి లేస్తుంది, ఇక్కడ, ఇక్కడ. దారి ఇవ్వండి, ఆయన్ని రానివ్వండి. ఒక నర్సు, ఇంకా యూనిఫారంలోనే ఉంది, ఆమెకోసం అత్తగారు వచ్చింది. ఒక లెక్కల టీచరు, ఆమెకోసం తరగతి తరగతంతా వచ్చినట్టుంది. ఇద్దరు స్నేహితురాళ్ళు ఒకరి చెయ్యి ఒకరు వదలకుండా వచ్చారు, ఇద్దరి తండ్రులూ ఒకరినొకరు ఎరగనట్టు ఎడంగా నుంచున్నవాళ్ళు, ఒకేసారి ముందుకొచ్చి గుద్దుకున్నారు. ఎంత బాగుంది ఒక పేరు, దాని సొంత మనిషి దగ్గరికి పోవటం. పేరు పలికిన చోట మొహం ఒకటి వెలుగుతుంది, వీధిలో దీపాలు వెలుగుతున్నట్టు అక్కడొకటీ ఇక్కడొకటీ. ముక్కూమొహం తెలియనివాళ్ళు. వీళ్ళు సుఖంగా ఉండాలి అని అనుకోవలసిన పనిలేదు, పేరు సరిగ్గా పలికితే చాలు, పొల్లు పోకుండా, వెనక వరసదాకా. ఊపిరి సంగతి ఆమె మరిచే పోయింది. అది మాత్రం పొట్టదాకా దిగి, పేరు మోసుకుని పైకి వస్తోంది, మళ్ళీ దిగుతోంది.

నెత్తికి తెల్లకట్టు కట్టుకుని, చేతిసంచి చంకన ఇరికించుకుని, పొట్టి పెద్దావిడ వచ్చింది. చెవి వంచితే, "నా పేరు ఆయనకి గుర్తుండదు. రైలాయన్ని పిలువు," అంది.

"రైలు నడిపినాయనా! రండి, మీ ఆవిడ వచ్చేశారు!"

మోకాళ్ళు నిలబడనివ్వని మనిషి రోడ్డు దాటి పరుగునే వచ్చాడు. వచ్చి, కట్టుకేసి చూసి, సంచిలో చెయ్యి పెట్టి, మాత్ర తీశాడో శాలువ తీశాడో తెలియక రెండూ ఆవిడ చేతిలో కుక్కాడు.

"గడియారం పగిలిందా?" అంది ఆవిడ.

"గడియారం సంగతి తరవాత. తల..."

"పగిలిందా లేదా?"

"అద్దం పోయింది. ముళ్ళు తిరుగుతున్నాయి."

"మరింకేం. నా తలా అంతే. పద."

వాళ్ళిద్దరూ పోతుంటే చూడాలని ఉంది, చూడలేదు, ఎవరో పక్కకి వచ్చి నుంచున్నారు. చెవి వంచింది. నీళ్ళలోంచి వచ్చినట్టు ఒక గరగర, ఇంటిపేరుతో సహా. ఆమె దాన్ని పట్టుకుని, ముందువాటిలాగే, పొల్లు పోకుండా, పైకి విసిరింది. ఎవరొచ్చారండీ? చెయ్యి లేవలేదు. ఎవరూ పలకలేదు. అయ్యో, ఈ అమ్మాయికోసం ఎవరూ రాలేదా అనిపించి, ఇంకా గట్టిగా, వీధి మలుపుదాకా వినపడేట్టు ఆ పేరు మళ్ళీ పిలిచింది. ఎవరొచ్చారు? ఈమె కోసం ఎవరొచ్చారండీ?

"అక్కా," అంది చెవి దగ్గర గరగర, "నువ్వే వచ్చుంటావు."

తిరిగింది. ఇంట్లో పిడుగే తప్ప ఆ పేరుతో ఎవరు పిలిచారు గనక. చీపురులాంటి జుట్టు, ఎర్రటి కళ్ళు, మోచేతి మీద గీసుకుపోయిన గీత. అంతే. నిండుగా, ఉన్నది ఉన్నట్టుగా. "నేనే," అంది ఆమె, "నేనే వచ్చాను," అంది, జనానికి చెప్పినట్టు పైకే అంది, వాళ్ళలో ఎవరో చప్పట్లు కొట్టారు. దాని చెక్కిలి పట్టుకుంది, మోచెయ్యి తిప్పి చూసింది, గీత మీద ఊదింది, ఎందుకు ఊదిందో తెలియలేదు. ఏడాదిగా మోస్తున్న ఆ కోపం కోసం లోపల తడుముకుంది, ఎదురుపడినప్పుడు ముందు ఇలా అనాలి, అది అలా అంటే నేనిలా అనాలి అని కూర్చి పెట్టుకున్న మాటలతో సహా అది ఎక్కడా లేదు. పక్క సీటు ప్రయాణికుడు చెప్పకుండా ఏ స్టేషన్లో దిగిపోయాడో, సీటు ఖాళీగా, వెచ్చగా కూడా లేకుండా ఉంది. ఎప్పుడు దిగిపోయింది? మెట్లమీదా? అమ్మయ్య అన్నప్పుడా? కాకి దగ్గరా? ఎప్పుడైతేనేం.

"నువ్వేంటి, ఇక్కడ అరుస్తున్నావు?" అంది చెల్లెలు, నవ్వబోతే దగ్గు వచ్చింది.

"అరవటం లేదే. పిలుస్తున్నాను."

"ఆ రోజు నేనన్నది..." అని చెల్లెలు మొదలుపెట్టబోతే ఆమె మఫ్లరు విప్పి దాని మెడకి చుట్టేసి, "నేనన్నది తక్కువా? గొంతు వచ్చాక తీరిగ్గా తిట్టుకుందాం, ఊరుకో," అంది. వెనక పోలీసావిడ, "తరవాతావిడ వచ్చేసిందండీ," అంటోంది. తలుపుల దగ్గర వరస ఇంకా ఉంది, గేటు బయట మెడలు సాచిన మొహాలు ఇంకా ఉన్నాయి. నా పని అయిపోయింది, మాది దొరికింది, ఇక వెళ్ళొస్తాం అని అనాలని కూడా ఆమెకి తట్టలేదు. చెల్లెలి మణికట్టు ఒక చేత్తో పట్టుకుని అక్కడే నుంచుంది. వచ్చేవాళ్ళందరూ చెల్లెలికి తెలుసు. పగలంతా ఒక తాడు పట్టుకుని నడిచినవాళ్ళు. నోరు పెగలనివాళ్ళ పేర్లు చెల్లెలే అక్క చెవిలో చెప్పింది, అక్క పైకి పిలిచింది. ఒకరి పేరు తప్పుగా వినపడి తప్పుగా పిలిస్తే చెల్లెలు మోచేత్తో పొడిచింది, మళ్ళీ పిలిచింది. గుంపు పలచబడింది. వీధి దీపాల కింద టీ బండివాడు గ్లాసులు కడుక్కుంటున్నాడు. ఆకుపచ్చ తలుపుల్లో ఒకదాన్ని పోలీసావిడ మూసింది, రెండోదాని దగ్గర లోపలికి తొంగిచూసి, ఎవరూ లేరన్నట్టు చెయ్యి ఊపింది.

"ఇంకెవరైనా ఉన్నారేమో సరిగ్గా చూడమను," అంది ఆమె.

"లేరక్కా. అందరూ వెళ్ళిపోయారు." చెల్లెలు ఆమె భుజం మీద తల వాల్చింది, నిలబడే ఉంది గానీ బరువంతా వదిలేసింది. "ఆకలేస్తోంది. పద."